గోరు ఒక్కటే, ఇంగ్లిష్‌లో పేర్లు ఎన్నో



ఈ నెల పదాల పాఠానికి చాలా చిన్న వస్తువును తీసుకున్నాం. అదే గోరు. మనిషికి గోరు, పిల్లికి గోరు, గద్దకు గోరు. తెలుగులో ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అది ఎవరి గోరు, దానితో ఏం పని చేస్తారు అనేదాన్ని బట్టి పేరు మారిపోతుంది. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలు తరచూ తడబడే చోటు ఇది. గద్ద తన ‘నెయిల్స్’తో ఎలుకను పట్టుకుంది అని ఇంగ్లిష్‌లో రాస్తారు. అర్థం తెలుస్తుంది. కానీ చదివినవాళ్ల కళ్ల ముందు నెయిల్ పాలిష్ వేసుకున్న గద్ద కనిపిస్తుంది!

అయితే ఈ పాఠం పిల్లల కంటే ముందు మీ కోసం. పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మేం ఎక్కువగా వినే మాట ఒకటుంది: "మాకు ఇంగ్లిష్ అంతగా రాదు టీచర్, ఇంట్లో మేమేం చెప్పగలం?" ఇంకొందరు ఇలా అంటారు: "ఇంగ్లిష్ బాగా రావాలని ఇంట్లో తెలుగు తగ్గించేశాం." ఈ రెండు మాటల గురించీ ఈ గోరు పాఠంతోనే మాట్లాడుకుందాం. చదివేటప్పుడు మీ వంటింటి సొరుగు, టూల్ బాక్స్ దగ్గరలో ఉంటే ఇంకా మంచిది.

ఎవరి గోరుకు ఏ పేరు?

ముందు ఆరు మాటలు. ఇవి వస్తే సగం పాఠం అయిపోయినట్టే.

నెయిల్: మనిషి గోరు. బల్లపరుపుగా, వేలి చివర పలకలా ఉంటుంది. కోతులకూ ఇలాంటి గోళ్లే ఉంటాయి. ఏనుగు కాలి ముందు కనిపించే గుండ్రటి గోళ్లను కూడా ‘టోనెయిల్స్’ అంటారు.

క్లా: వంపు తిరిగి, మొన తేలిన గోరు. పిల్లి, పులి, ఎలుగుబంటి, ఉడుము, తొండ, ఇంటి కోడి వీటన్నిటివీ క్లాలే. ఈ మాట పలకడం తేలికే. ‘లా కాలేజీ’లో ‘లా’ ఎలా అంటామో, దాని ముందు ‘క’ చేర్చండి.

ట్యాలన్: వేటాడే పక్షి గోరు. గద్ద, డేగ, గుడ్లగూబ లాంటివాటికే ఈ మాట. కోడి కాలి గోరును ట్యాలన్ అనరు. ‘ట్యాలెంట్’తో కలిపేయకుండా చూడండి. పరీక్షలో గద్దకు ‘పదునైన ట్యాలెంట్స్’ ఉన్నాయని రాసేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు.

హూఫ్: ఆవు, మేక, గుర్రం గిట్ట. చాలామంది పిల్లలు గిట్ట వేరు, గోరు వేరు అనుకుంటారు. నిజానికి గిట్ట కూడా గోరే. కాలి వేలి చివర మందంగా, గట్టిగా పెరిగి, బరువును మోసే గోరు. ఒకటి కంటే ఎక్కువ అయితే ‘హూవ్స్’. ఆవుకు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ‘క్లోవెన్ హూఫ్’ అంటారు. గుర్రానికి చీలిక ఉండదు.

పిన్సర్: పీత, తేలు ముందుకు చాపి పట్టుకునేవి. ఇవి గోళ్లు కావు, కాళ్ల చివర కత్తెరలా తెరుచుకుని మూసుకునే పట్టు. తేలుకు ముందున్నవి పిన్సర్లు. వెనక తోక చివర ఉన్న కొండిని ‘స్టింగ్’ అంటారు. కుట్టేది కొండి, పట్టేది పిన్సర్. పీత విషయంలో పిన్సర్‌కు బదులు క్లా అన్నా తప్పు లేదు.

పా: ఇది గోరు కాదు, మొత్తం పాదం. పిల్లి, కుక్క, పులి లాంటి జంతువుల మెత్తటి పాదాన్ని ‘పా’ అంటారు. ఆ పాదం చివర ఉండేది క్లా. ‘పాలో క్లా ఉంటుంది’ అని పిల్లల చేత రెండుసార్లు అనిపించండి, ఇక మరిచిపోరు.

ఒక చిన్న మినహాయింపు కూడా చెప్పాలి. కుక్క గోళ్లను పుస్తకాల్లో క్లాలు అని రాసినా, ఇంట్లో కుక్కను పెంచేవాళ్లు గోళ్లు కత్తిరించేటప్పుడు నెయిల్స్ అనే అంటారు. భాష రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉండదు. పిల్లలు అడిగితే ఆ మాటే చెప్పండి.

ఇవన్నీ పేర్లు వేరైనా పదార్థం మాత్రం ఒకటే. నెయిల్, క్లా, ట్యాలన్, హూఫ్ పైభాగమంతా ‘కెరాటిన్’ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. మన జుట్టు, పక్షి ఈక, ఖడ్గమృగం కొమ్ము కూడా అదే కెరాటిన్. పీత పిన్సర్ మాత్రం వేరు. అది ‘కైటిన్’ అనే పదార్థంతో గట్టిపడిన పెంకు. సైన్స్ టీచర్ అడిగితే పిల్లలు ఈ తేడా చెప్పగలిగేలా చూడండి.

అడుగు చూసి జంతువును చెప్పడం

వానపడిన తర్వాత మెత్తటి మట్టిలో కుక్క అడుగూ పిల్లి అడుగూ చూపించి తేడా ఏమిటో అడగండి. కుక్క అడుగులో వేళ్ల ముందు గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. పిల్లి అడుగులో సాధారణంగా కనిపించవు. పిల్లి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది, అవసరమైనప్పుడే బయటికి తీస్తుంది. ఇలా ముడుచుకోగలిగే గోళ్లను ‘రిట్రాక్టబుల్ క్లాజ్’ అంటారు. పులికీ ఇదే పద్ధతి. చిరుతపులికీ అంతే. చీటా గోళ్లు మాత్రం పూర్తిగా లోపలికి పోవు. పరుగులో నేలను పట్టుకోవడానికి అవి దానికి ఉపయోగం.

నల్లమలలో పులి తిరుగుతోందని వార్త వచ్చినప్పుడు పేపర్లో ‘పగ్ మార్క్స్’ అనే మాట చూసే ఉంటారు. పులి పాదముద్రలని అర్థం. ఈ ‘పగ్’ అనేది హిందీలో పాదం అని చెప్పే ‘పగ్’ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట. మన దేశంలో పుట్టి ఇంగ్లిష్ డిక్షనరీలోకి ఎక్కిన మాటలు ఉన్నాయని పిల్లలకు చెప్పడానికి మంచి ఉదాహరణ.

పులి గోరు మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పాత ఇళ్లలో పిల్లల మెడలో పులిగోరు వేసే అలవాటు ఉండేది. బంగారంతోనో ప్లాస్టిక్‌తోనో ఆ ఆకారంలో చేయించిన లాకెట్‌తో ఇబ్బంది లేదు. అసలు పులిగోరును అనుమతి పత్రం లేకుండా దగ్గర పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మాటల వెనక కథలు

పిల్లలు స్పెల్లింగ్ మరిచిపోతారు, కథ మరిచిపోరు. అందుకే మూడు కథలు.

మొదటిది నెయిల్. సంస్కృతంలో గోరును ‘నఖం’ అంటారు. ‘నఖశిఖ పర్యంతం’ అని మనం వాడుతూనే ఉంటాం, కాలి గోటి నుంచి తల దాకా అని. ఇంగ్లిష్ నెయిల్, సంస్కృత నఖం, గ్రీకు ‘ఓనిక్స్’, లాటిన్ ‘ఉంగ్విస్’ నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. ఓనిక్స్ అంటే నగల్లో పొదిగే రాయి పేరు కదా అంటారేమో. ఆ రాయి పేరు కూడా గ్రీకులో గోరు అనే మాట నుంచి వచ్చిందే. లాటిన్ మాట నుంచి వచ్చిందే సైన్స్ పుస్తకంలోని ‘అంగ్యులేట్’, అంటే గిట్టలున్న జంతువు.

రెండోది ట్యాలన్. లాటిన్‌లో ‘టాలస్’ అంటే చీలమండ. అది పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి మడమ అయింది. ఇంగ్లిష్‌లో వేటపక్షి పాదం వెనకభాగాన్ని, చివరికి గోరును చెప్పే మాటగా స్థిరపడింది. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ చెప్పు మడమను ‘తాలోఁ’ అనే అంటారు. ఇంగ్లిష్‌లో గద్ద గోరైన మాట, ఫ్రెంచిలో హైహీల్స్ అయిందన్నమాట.

మూడోది మన ‘పంజా’. ఇది పారశీక భాష నుంచి వచ్చింది. అక్కడ ‘పంజ్’ అంటే అయిదు. అయిదు వేళ్ల చెయ్యి కాబట్టి పంజా. అయిదు నదుల నేల కాబట్టి పంజాబ్. మన ‘పంచ’ పాండవుల్లోని ‘పంచ’ కూడా దీనికి చుట్టమే. పులి పంజా విసిరిందన్నప్పుడు మనం పాదాన్నీ గోళ్లనూ కలిపి ఒకే మాటలో చెబుతాం. ఇంగ్లిష్‌లో అక్కడ ‘పా’ వాడాలా ‘క్లా’ వాడాలా అని ఎంచుకోవాలి. దెబ్బ కొడితే పా, గీరితే క్లా.

పురాణ కథ చెప్పేటప్పుడు పిల్లలు ఇదే అడుగుతారు. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చింది నెయిల్స్‌తోనా, క్లాజ్‌తోనా? ముఖం సింహానిది, చీల్చిన తీరు సింహానిది కాబట్టి క్లాజ్ అనడమే బాగుంటుంది. ప్రశ్న మాత్రం చాలా మంచిది. అలా అడిగిన పిల్లవాడికి తేడా అర్థమైనట్టే.

‘క్లాజ్’ అన్న ఉచ్చారణ ఇంకో రెండుచోట్ల వస్తుంది. గ్రామర్‌లో వాక్యభాగాన్ని చెప్పే ‘క్లాజ్’, క్రిస్మస్ తాత ‘శాంటా క్లాజ్’. మూడింటికీ శబ్దం ఒకటే, స్పెల్లింగ్ వేరు. డిక్టేషన్‌లో వాక్యం మొత్తం వినాలని మేం చెప్పేది ఇందుకే.

గోళ్లు చేసే పనులు

ఇప్పుడు క్రియలు. పిల్లల కాంపోజిషన్‌లో ‘క్యాచ్’ అనే ఒక్క మాటే పదిసార్లు వస్తుంది. పట్టుకోవడంలో రకాలు తెలిస్తే రాత మారిపోతుంది.

స్క్రాచ్ అంటే గీరడం, గోకడం. పిన్చ్ అంటే గిల్లడం. పిన్సర్ అనే మాట ఈ గిల్లుడు నుంచే వచ్చింది. గ్రాబ్ అంటే గబుక్కున అందుకోవడం. గ్రిప్ అంటే జారిపోకుండా గట్టిగా పట్టుకోవడం. స్నాచ్ అంటే లాక్కోవడం. చైన్ స్నాచింగ్ వార్తల పుణ్యమా అని ఇది అందరికీ తెలుసు. పౌన్స్ అంటే పొంచి ఉండి మీద పడడం. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో పౌన్స్ అంటే వేటపక్షి గోరు. గోరు పేరే తర్వాత ఆ గోరు చేసే పనికి పేరైంది.

క్లచ్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మీ ఇంట్లో రెండుచోట్ల ఉంది. క్లచ్ అంటే వదలకుండా పట్టుకోవడం. తప్పిపోతానన్న భయంతో జాతరలో పిల్లవాడు అమ్మ కొంగును పట్టుకునే పట్టు అది. విలన్ చేతికి చిక్కడాన్ని ‘ఇన్ హిజ్ క్లచెస్’ అంటారు. బైక్ హ్యాండిల్ మీదున్న క్లచ్ కూడా ఈ మాటే. ఇంజన్‌ను గేర్లతో పట్టి ఉంచేది, నొక్కితే పట్టు వదిలేది. ఇక జుట్టుకు పెట్టుకునే ‘క్లచ్చర్’. దాన్ని మనం క్లచ్చర్ అంటాం, అమెరికాలో ‘క్లా క్లిప్’ అంటారు. మనం దాని పట్టును చూసి పేరు పెట్టుకున్నాం, వాళ్లు దాని గోళ్లను చూసి పేరు పెట్టారు. అమెరికాలో ఉన్న పిన్నిని క్లచ్చర్ తెమ్మంటే అక్కడి షాపులో ఎవరికీ అర్థం కాకపోవచ్చు.

టూల్ బాక్స్‌లో పంజాలు

మనిషి గోరు బలహీనమైనది. బెండకాయ ముచ్చిక విరచగలదు, మేకును పీకలేదు. అందుకే జంతువుల గోళ్లను చూసినట్టుగా ఇనుముతో పనిముట్లు చేసుకున్నాడు. కొన్నిటి పేర్లు కూడా జంతువుల నుంచే వచ్చాయి.

క్లా హ్యామర్: సుత్తికి ఒకవైపు కొట్టే ముఖం, రెండోవైపు చీలిన గోరు. ఆ చీలికలో మేకును ఇరికించి పైకి లాగుతారు. ఇనుప మేకును కూడా ఇంగ్లిష్‌లో నెయిల్ అనే అంటారు. కాబట్టి క్లాతో నెయిల్‌ను పీకుతున్నాం అన్నది ఇంగ్లిష్‌లో పూర్తిగా సరైన వాక్యం. పిల్లలకు చెప్పి చూడండి, నవ్వకుండా ఉండరు.

క్రోబార్: పేరులోనే కాకి ఉంది. షేక్‌స్పియర్ కాలంలో దీన్ని ఉత్త ‘క్రో’ అనేవాళ్లు. చివరిభాగం కాకి ముక్కులానో కాలిలానో ఉందని ఆ పేరు వచ్చిందంటారు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర క్రోబార్ అంటే గునపం, గడ్డపార, పలుగు. నిటారుగా ఉండి నేల తవ్వేది. బ్రిటన్, అమెరికాల్లో క్రోబార్ అంటే చివర వంగి, చీలి ఉండేది. పెట్టె మూతలు, మేకులు పెకలించడానికి వాడతారు. కథల పుస్తకంలో దొంగ క్రోబార్‌తో కిటికీ తెరిచాడని ఉంటే అది మన గడ్డపార కాదు.

ప్లయర్స్: కరెంటు పనివాళ్ల చేతిలో ఉండే ‘కటింగ్ ప్లేయర్’. ఆటగాడికీ దీనికీ సంబంధం లేదు. వంచడం, మడవడం అనే అర్థమున్న ‘ప్లై’ నుంచి వచ్చింది. తీగను వంచేది కాబట్టి ప్లయర్స్.

పిన్సర్స్: వడ్రంగి దగ్గర ఉండే, గుండ్రటి దవడలతో మేకును కరిచిపట్టి పీకే పనిముట్టు. పీత పట్టుకు ఏ పేరో దీనికీ అదే పేరు.

టాంగ్స్: పటకారు. పొయ్యి మీది గిన్నె దించడానికి, పుల్కా తిప్పడానికి, కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును పట్టడానికి.

ట్వీజర్స్: మనం ‘ప్లకర్’ అనేది. కనుబొమలకు, కాల్లో దిగిన ముల్లు తీయడానికి. ఒకప్పుడు చిన్న చిన్న పరికరాలు పెట్టుకునే పెట్టెకు ఫ్రెంచిలో ఉన్న పేరు మెల్లగా అందులోని పరికరానికి అంటుకుని ఈ మాట తయారైంది.

వీటిలో గ్రామర్ కూడా ఉంది. ప్లయర్స్, పిన్సర్స్, టాంగ్స్, ట్వీజర్స్ అన్నీ ఇంగ్లిష్‌లో బహువచనాలే. వస్తువు ఒక్కటే అయినా రెండు చేతులున్నాయి కాబట్టి బహువచనం. ‘వేర్ ఈజ్ ద టాంగ్స్’ అనకూడదు, ‘వేర్ ఆర్ ద టాంగ్స్’ అనాలి. ఒకటి అని చెప్పాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్ టాంగ్స్’. కత్తెరకూ కళ్లజోడుకూ ప్యాంటుకూ ఇదే నియమం. తెలుగులో పటకారు ఏకవచనం కాబట్టి మన పిల్లలు ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. వంటింట్లో రోజుకోసారి ‘వేర్ ఆర్ ద టాంగ్స్’ అని అడిగితే చాలు, వారంలో నోటికి పట్టేస్తుంది.

షాపింగ్ మాల్‌లో డబ్బులు వేస్తే గాజు పెట్టెలో బొమ్మలను పట్టే మూడు వేళ్ల యంత్రం ఉంటుంది కదా, అది ‘క్లా మెషిన్’. దాని ముందు నిలబడి గంట గడిపిన పిల్లలకు క్లా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

బావిలో పడిన బకెట్

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు ఇది.

బావి నుంచి నీళ్లు తోడే రోజుల్లో తాడు తెగి చేదో బకెట్టో బావిలో పడిపోయేది. దాన్ని తీయడానికి ఊళ్లో ఎవరో ఒకరింట్లో ఇనుప కొక్కేల గుత్తి ఉండేది. ఒక కడ్డీకి చుట్టూ నాలుగైదు వంపు కొక్కేలు. తాడు కట్టి బావిలోకి వదిలి, అడుగున అటూ ఇటూ తిప్పితే ఏదో ఒక కొక్కేనికి బకెట్ తగులుకునేది. దాని పేరు పాతాళగరిగె. ఒక్కోచోట ఒక్కోలా అంటారు, కొన్నిచోట్ల గాలం అనేస్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, మీ ఊరి పేరు చెబుతారు.

ఇంగ్లిష్‌లో దీన్ని ‘గ్రాప్నెల్’ అంటారు. చిన్న పడవలకు లంగరుగా కూడా వాడతారు. దీని వెనక పాత ఫ్రెంచి మాట ‘గ్రాప్’ ఉంది. కొక్కెం అని అర్థం. ద్రాక్షగుత్తులను కొక్కెంతో కోసేవాళ్లు కాబట్టి ద్రాక్షపండు ‘గ్రేప్’ అయిందని డిక్షనరీలు చెబుతాయి. కుస్తీలో ఒకరినొకరు పట్టుకోవడాన్ని చెప్పే ‘గ్రాపిల్’ కూడా ఈ కుటుంబమే.

ఇప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో ‘గ్రాప్లింగ్ హుక్’ తెలుసా అని అడగండి. వీడియో గేమ్‌లో తాడు విసిరి గోడ ఎక్కే కొక్కెం అని వెంటనే చెబుతారు. అటు తాతగారికి పాతాళగరిగె తెలుసు. ఇటు మనవడికి గ్రాప్లింగ్ హుక్ తెలుసు. రెండూ ఒకే జాతి వస్తువులని ఇద్దరికీ తెలియదు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇది బావిలోకి దిగుతుంది, అది గోడ మీదికి వెళుతుంది, పట్టే పద్ధతి మాత్రం ఒకటే అని చెప్పగలిగింది మధ్యలో ఉన్న మీరే. దానికి మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు.

గోటి సామెతలు

రెండు భాషలూ గోరు గురించి ఏమేం చెప్పుకున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే సరదాగా ఉంటుంది.

క్రికెట్‌లో చివరి ఓవర్ దాకా సాగిన మ్యాచ్‌ను ఇంగ్లిష్‌లో ‘నెయిల్ బైటింగ్’ అంటారు, గోళ్లు కొరుక్కునేంత ఉత్కంఠ. మనం ‘గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు’ అంటే పనీపాటా లేదని అర్థం. గోళ్లు అవే, అర్థం పూర్తిగా తిరగబడింది. మాటకు మాట పెట్టి అనువాదం చేస్తే ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

‘టూత్ అండ్ నెయిల్’ పోరాడడం అంటే ప్రాణం పెట్టి పోరాడడం. ‘హిట్ ద నెయిల్ ఆన్ ద హెడ్’ అంటే సరిగ్గా అసలు విషయం పట్టుకోవడం. ఇక్కడ నెయిల్ అంటే మేకు. ‘క్యాట్స్ పా’ అంటే ఇతరుల పనికి పావుగా మారినవాడు. నిప్పుల్లో కాలుతున్న గింజలను తీయడానికి కోతి పిల్లి పాదాన్ని వాడుకున్న కథ నుంచి వచ్చింది. పేపర్ బిజినెస్ పేజీలో కనిపించే ‘క్లాబ్యాక్’ అంటే ఇచ్చిన డబ్బును తిరిగి లాక్కోవడం.

మన వైపు చూస్తే సంపద తక్కువేం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టు. గోరుచుట్టు మీద రోకటి పోటు. గోరంతను కొండంత చేయడం. గోరువెచ్చని నీళ్లు. గోరుముద్దలు. ఇక ‘ఉడుం పట్టు’ ఉంది. ఉడుము గోళ్లు గోడకు అతుక్కుపోయే తీరు చూసినవాళ్లు పుట్టించిన మాట. ఇంగ్లిష్‌లో దీనికి దగ్గరగా ‘వైస్‌లైక్ గ్రిప్’ అంటారు. వైస్ అంటే వెల్డింగ్ షాపులో ఇనుమును బిగించే పరికరం. వాళ్లు పట్టుకు యంత్రాన్ని చూశారు, మనం జంతువును చూశాం. కూరగాయల్లో గోరుచిక్కుడు ఉంది, తెలంగాణలో గోకరకాయ అంటారు. ఇంగ్లిష్‌లో ‘క్లస్టర్ బీన్స్’. మనం కాయ ఆకారం చూసి పేరు పెట్టాం, ఇంగ్లిష్‌వాళ్లు గుత్తిని చూసి పెట్టారు.

మరి ఇంట్లో తెలుగు మాట్లాడవచ్చా?

క్లాసులో పటకారు బొమ్మ చూపిస్తే కొందరు పిల్లలు ‘సిజర్స్’ అంటారు. సరే, తెలుగులో చెప్పమంటే "అమ్మ వేడి గిన్నె దించుతుంది కదా, అది" అంటారు. వస్తువు తెలుసు, పని తెలుసు. పేరు మాత్రం ఏ భాషలోనూ లేదు. మాకు కష్టంగా అనిపించేది ఇలాంటిచోటే.

పటకారు అనే పేరు తెలిసిన పిల్లవాడికి టాంగ్స్ అనే మాట నేర్పడానికి ఒక్క నిమిషం చాలు. ఉన్న పేరు పక్కన ఇంకో పేరు రాసుకుంటాడు. పేరే లేని పిల్లవాడికి ముందు ఆ వస్తువు వైపు చూడడం నేర్పాలి, కత్తెరతో పోల్చి తేడా చెప్పాలి, అప్పుడు మాట ఇవ్వాలి. వాడు బట్టీపట్టి పరీక్షలో రాసేస్తాడు, నెల తిరిగేసరికి మరిచిపోతాడు. ఇంగ్లిష్ కోసమని ఇంట్లో తెలుగు తగ్గిస్తే తగ్గేది తెలుగు ఒక్కటే కాదు. మీకు బాగా వచ్చిన భాషలో మీరు చెప్పగలిగే వెయ్యి విషయాలు తగ్గిపోతాయి. వాటి స్థానంలో ‘కమ్, సిట్, ఈట్, గో’ మిగులుతాయి. అంత కొద్ది మాటలతో ఏ పిల్లలకూ భాష పెరగదు.

ఇంగ్లిష్ ముఖ్యం కాదని మేం అనడం లేదు. అది నేర్పడం మా పని. ఇంగ్లిష్ బాగా వచ్చిన తల్లిదండ్రులు ఇంట్లో మాట్లాడితే సంతోషమే. రానివాళ్లు మాత్రం రాని భాషలో తడబడనక్కర్లేదు. గిట్టను గిట్ట అనండి, కొండిని కొండి అనండి. గునపాన్ని ‘ఆ ఇనుప రాడ్’ అనకండి. మీరు ఇంట్లో పేరు చెబితే, మేం క్లాసులో దాని పక్కన రెండో పేరు చెబుతాం.

ఈ నెల ఇంటి పని

ఈసారి హోంవర్క్ పిల్లలకూ మీకూ కలిపి. రాత తక్కువ, చూడడం ఎక్కువ.

1. ఇంట్లో పట్టేవి, గీరేవి, లాగేవి ఏమున్నాయో పిల్లలతో కలిసి వెతకండి. పటకారు, ప్లకర్, క్లచ్చర్, బట్టల క్లిప్, సుత్తి, కొక్కెం, ఏవైనా సరే. తెలుగు పేరు మీరు చెప్పండి, ఇంగ్లిష్ పేరు పిల్లలు రాయాలి. తెలియనిది ఖాళీగా వదిలేయండి, క్లాసులో నింపుతాం.

2. వీధిలోనో చెట్టు కిందనో కనిపించే అయిదు జంతువుల, పక్షుల కాళ్లు గమనించి, వాటికి ఉన్నది నెయిలా, క్లానా, ట్యాలనా, హూఫా చెప్పించండి. దూరం నుంచే చూడాలి, పట్టుకోవద్దు.

3. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర గోరు ఉన్న సామెత ఒకటి తెలుసుకుని, అది ఎప్పుడు వాడతారో రెండు వాక్యాల్లో చెప్పించండి. తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా పరవాలేదు.

4. పాతాళగరిగెను మీ ఊళ్లో ఏమంటారో పెద్దలను అడిగి రాసి పంపండి. ఇల్లు దూరంగా ఉంటే ఫోన్ చేయించండి. పిల్లలే మాట్లాడాలి.

చివరగా అయిదు ప్రశ్నలు, రాత్రి భోజనాల దగ్గర అడగడానికి.

గుడ్లగూబ గోరును ఏమంటారు? తేలు ముందున్నది పిన్సరా, స్టింగా? ‘వేర్ ఈజ్ ద ప్లయర్స్’ సరైనదేనా? పిల్లి అడుగులో గోళ్ల గుర్తులు ఎందుకు కనిపించవు? గిట్ట, గోరు ఒకే పదార్థమా?

జవాబులు: ట్యాలన్. పిన్సర్. కాదు, ‘ఆర్’ రావాలి. గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి. అవును, కెరాటిన్.

పిల్లలు అయిదూ చెప్పేస్తే మీరు ఒక ప్రశ్న ఎదుర్కోవాల్సి వస్తుంది: "మరి నువ్వు చెప్పు, ఉడుం పట్టు అంటే ఏంటి?" దానికి జవాబు తెలుగులోనే చెప్పండి, తీరిగ్గా చెప్పండి.